వార్డు సర్వే సేవ: ‘ఆవిడంటే నమ్మకం లేదు’ అనే రిపోర్టు కొనొచ్చా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వార్డు సర్వేలు అమ్మేవాళ్ళు మళ్ళీ తిరుగుతున్నారు. 2022 ఫిబ్రవరిలో పంచాయతీలకు, మార్చిలో పట్టణాలకు ఎన్నికైనవాళ్ళ ఐదేళ్ళ గడువు 2027లో తీరిపోతుంది కాబట్టి వాళ్ళకిది సీజను. వాళ్ళు అమ్మేవాటిలో ఒకటి ప్రత్యేకంగా మహిళా అభ్యర్థుల కోసం: ‘ఓటర్లు మిమ్మల్ని ఎందుకు ఇష్టపడటం లేదో, ఎందుకు నమ్మడం లేదో కనుక్కుని చెప్తాం’ అని. ఈ రివ్యూ ఆ సేవ గురించే, ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు. విశాఖ నుంచి వచ్చినా భువనేశ్వర్ నుంచి వచ్చినా ఫారాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రిపోర్టు అట్ట మీద రంగు మారుతుందంతే.

చేతికొచ్చేది ఇది: 400 ఫారాల సర్వే, పాతిక ముప్ఫై పేజీల రిపోర్టు, అందులో సగం గుండ్రటి బొమ్మలు, చివర రెండు పేజీల సూచనలు. ధర ఫారం లెక్కన మాట్లాడతారు. సగం అడ్వాన్సు, మిగతాది రిపోర్టు చేతిలో పెట్టేటప్పుడు. సర్వే కుర్రాళ్ళ ఫోనులోనే ఫారం ఉంటుంది. మాట రికార్డవుతుంది, ఏ ఇంటి ముందు నిలబడి నింపారో జీపీఎస్ గుర్తు పెట్టుకుంటుంది. ఇంతవరకు పనితనం బాగుంది. టీకొట్టు బల్ల మీద కూర్చుని కాగితం ఫారాలు టిక్కులు కొట్టేసిన రోజుల్తో పోలిస్తే చాలా నయం.

400 అన్న అంకె దగ్గర మాత్రం ఒకసారి ఆగాలి. ఊరు మొత్తానికి ఒక్క శాతం తెలిస్తే చాలంటే 400 సరిపోతుంది. తప్పు అటో ఇటో 5 శాతంలో ఉంటుంది. కానీ రిపోర్టులో ఆ 400నే ఆడ, మగ, తెలుగు, ఒడియా అని నాలుగు ముక్కలు చేస్తారు. ముక్కకి వందే మిగులుతారు, తప్పు 10 శాతానికి పోతుంది. ‘తెలుగు ఆడవాళ్ళలో 46, ఒడియా ఆడవాళ్ళలో 52’ అని పక్కపక్కన రెండు బొమ్మలు వేసి, దాని మీద ఒక పేజీ విశ్లేషణ రాస్తే ఆ పేజీ చింపేయొచ్చు. అంత చిన్న శాంపిల్లో ఆరు శాతం తేడా అంటే తేడా ఉందో లేదో తెలీదనే. పైగా వందమందీ రెండు వీధుల్లోనే దొరికితే అది వందమంది మాట కూడా కాదు, రెండు వీధుల మాట.

వేగం చూసి కూడా పని పట్టొచ్చు. ఇరవై నిమిషాల ఫారం, తాళం వేసిన ఇళ్ళు, మళ్ళీ రమ్మన్న ఇళ్ళు లెక్క కడితే ఒక మనిషి రోజుకి 12 నుంచి 15 ఫారాలు సరిగ్గా చెయ్యగలడు. ఐదుగురుంటే 400కి ఆరేడు రోజులు. రెండు రోజుల్లో ఇచ్చేస్తామన్నారంటే సగం ఫారాలు లాడ్జి గదిలో పుడతాయి.

ఇక అసలు జబ్బు ఏడో ప్రశ్నలో ఉంది. అందరి ఫారాల్లోనూ ఏడో నంబరే కాకపోవచ్చు గానీ, ప్రశ్న మాత్రం ఇదే: ‘ఈ అభ్యర్థిపై మీకు నమ్మకం ఉందా? ఉంది / లేదు / చెప్పలేను.’

‘నమ్మకం’ అనే మాటలో మన దగ్గర కనీసం నాలుగు సంగతులు ఇమిడి ఉన్నాయి. డబ్బు తినదు. పని చేయించగలదు. తన నిర్ణయం తనే తీసుకుంటుంది. రేపు గెలిచాక మన వీధి వైపు ఉంటుంది. ‘లేదు’ అన్న ఓటరు ఈ నాలుగింట్లో దేన్ని లేదంటున్నాడో ఫారానికి అక్కర్లేదు. ఒడియా ఫారంలో ఇంకో చిక్కు. కొన్ని ఫారాల్లో ‘బిశ్వాస’ అని ఉంటుంది, కొన్నింట్లో ‘భరసా’ అని. మొదటిది నిజాయితీ వైపు వెళ్ళే మాట, రెండోది ‘పని అవుతుంది, ఆధారపడొచ్చు’ అనే మాట. తెలుగులోకి మార్చేవాళ్ళు రెంటినీ ‘నమ్మకం’ చేసేస్తారు. అంటే ఒకే వార్డులో ఒడియా ఇంటివాళ్ళు ఒక ప్రశ్నకి, పక్కనున్న తెలుగు ఇంటివాళ్ళు ఇంకో ప్రశ్నకి జవాబిస్తారు. ఆఖర్న రిపోర్టులో ‘తెలుగు ఓటర్లలో నమ్మకం తక్కువ’ అని ఎర్రక్షరాల్లో పడుతుంది. మన భాషలోనూ ‘భరోసా’ ఉందిగా, దాన్ని విడిగా అడిగితే ఈ గొడవే లేదు. గుణుపురం పక్క సవర పల్లెల్లోనైతే ఫారం సవర భాషలో ఉండదు. అడిగేవాడు ఒడియాలో అడిగి, వచ్చిన జవాబు తనకు అర్థమైనట్టు నొక్కుతాడు.

గుమ్మం దగ్గర జరిగేది కూడా చూడాలి. పదకొండు గంటల వేళ, మగ సర్వేయరు, గుమ్మంలో ఇల్లాలు, అరుగు మీద ఇంటాయన.

‘అమ్మా, ఈ అభ్యర్థిపై మీకు నమ్మకం ఉందా?’

‘ఏమో బాబూ, ఆయన్నడుగు.’

అరుగు మీంచి ఆయన: ‘ఆవిడేటి చేస్తాది? అంతా ఆవిడ మొగుడే కదా. ఆడు మంచోడే.’

యాప్‌లో పడేది ‘చెప్పలేను’. ఇంటావిడ మనసులో మాట పడలేదు, అభ్యర్థి గురించి ఇంటాయన అన్న అసలు ముక్కా పడలేదు. ఆడియో రికార్డు ఉంది కదా అంటారు. ఉంటుంది, వినేవాళ్ళే ఉండరు. 400 ఫారాలకి ఇరవై నిమిషాల చొప్పున 130 గంటల పైచిలుకు ఆడియో. అందుకే అగ్రిమెంటులో రెండు ముక్కలు రాయించుకోవాలి: ఆడవాళ్ళని ఆడవాళ్ళే అడగాలి, నూటికి పది ఫారాల ఆడియో మీ మనిషి ఎంచుకున్నవి మీ ముందే వినిపించాలి. ఈ రెంటికీ ఒప్పుకోని చోట మిగతా బేరం అనవసరం.

ఇంకో సంగతి. 2024 లోక్‌సభ ఎన్నికల సమయంలో, సర్వే పేరుతో ఓటర్ల వివరాలు తీసుకుని పథకాలకు నమోదు చేయడం ఆపమని కేంద్ర ఎన్నికల సంఘం పార్టీలకు గట్టిగానే చెప్పింది. అప్పట్నుంచి ఆధార్, ఫోను నంబరు అడిగే సర్వేయరంటే జనానికి బెదురు. ఫారం మొదట్లోనే ఫోను నంబరు అడిగితే తర్వాతి జవాబులన్నీ మొహమాటపు జవాబులే. నంబరు చివర అడగాలి, ఇవ్వకపోతే వదిలెయ్యాలి.

ఓటరు నిజంగా ఏమంటాడన్నది సరైన మనిషి, సరైన వేళ, నిదానంగా అడిగితే బయటికొస్తుంది. సరిహద్దు ఊళ్ళలో వినబడే కారణాలు ఫారంలో ఉన్న ‘అనుభవం లేదు / విద్య లేదు / అందుబాటులో ఉండదు’ అనే మూడు గడుల్లో ఇమడవు.

మొదటిది స్టాంపు ఎవరి దగ్గరుంటుందన్నది. పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది అన్న సంగతి జనానికి కొత్త కాదు. ఒడిశాలో పంచాయతీ పదవుల్లో సగం మహిళలకు కేటాయించి 2012 నుంచి ఎన్నికలు జరుగుతున్నాయి. సర్పంచ్ మగవాడైతే నాయబ్ సర్పంచ్ (ఉప సర్పంచ్) మహిళే కావాలని కూడా చట్టంలో ఉంది. ఇన్ని పదవులొచ్చినా చాలాచోట్ల ‘సర్పంచ్ గారు’ అని పిలిస్తే పలికేది భర్త. ఈ ‘సర్పంచ్ పతి’ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీని మీద ప్రత్యేకంగా కమిటీ వెయ్యాల్సి వచ్చింది. కాబట్టి ‘నమ్మకం లేదు’ అన్న ఓటరు చాలాసార్లు ఆవిణ్ణి అనడం లేదు, ఆవిడ వెనక కుర్చీలో కూర్చున్నవాణ్ణి అంటున్నాడు. ఆవిడ గురించి అతనికి ఏ అభిప్రాయమూ లేదు, ఆవిడ మాట్లాడగా ఎప్పుడూ వినలేదు కాబట్టి.

రెండోది రాత్రి. ‘అర్ధరాత్రి ఠాణాకి ఎవులొస్తారు?’ ఇది సాకులా వినిపిస్తుంది గానీ, వార్డు మెంబరు చేసే పనుల్లో జనం గుర్తుపెట్టుకునేవి రాత్రి పనులే: ఠాణా, ఆస్పత్రి, కాలిన ట్రాన్స్‌ఫార్మరు, గొడవ. నీళ్ళ కుళాయి పగలు వేయించింది ఎవరికీ గుర్తుండదు. ఫారంలో ‘అందుబాటులో ఉండదు’ అని నొక్కితే ఈ రాత్రి, పగలు తేడా పోతుంది, దాంతో మందు కూడా పోతుంది. మందు చిన్నదే. రాత్రి పదకొండుకి ఫోను చేస్తే ఎత్తేది ఆవిడేనా అన్నది జనానికి తెలియాలి.

మూడోది పుట్టిల్లు. ఇచ్ఛాపురం నుంచో పాతపట్నం నుంచో వచ్చిన కోడలు అభ్యర్థి అయితే ‘ఆంధ్రా పిల్ల’ అన్న మాట రాక తప్పదు. దీన్ని వట్టి ఈసడింపుగా కొట్టిపారేసే రిపోర్టులు తప్పు చేస్తున్నాయి, ఎందుకంటే వెనక చట్టం ఉంది. ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం సర్పంచ్‌గా పోటీ చేసే మనిషికి ఒడియా చదవడం, రాయడం రావాలి. ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఉంది. ఆంధ్రాలో ఆ నిబంధనని 2024లో ఎత్తేశారు కాబట్టి పుట్టింటివాళ్ళు ‘అదేం అడ్డు కాదమ్మా’ అని ధైర్యం చెబుతారు, ఇక్కడ అడ్డే. రిజర్వుడు సీటైతే ఇంకో మెలిక: ఒక రాష్ట్రంలో పుట్టిన ఎస్సీ, ఎస్టీలు ఇంకో రాష్ట్రానికి వెళ్తే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఎదుటి పక్షం ‘దొంగ సర్టిఫికెట్టు’, ‘ఒడియా రాదట’ అని ఒక్క గుసగుస వదిలితే చాలు, ఓటరుకి అది నమ్మకం సంగతి అయిపోతుంది. సర్వే ఫారంలో దీనికి గడి లేదు. ఉండి తీరాలి. ఎందుకంటే దీనికి జవాబు సులువు: ఆవిడ నలుగురి ముందు ఒడియాలో తన కరపత్రం తనే చదవాలి, నామినేషన్ మీద ఒడియాలో సంతకం పెట్టాలి.

నాలుగోది మహిళా సంఘం. ఒడిశాలో మహిళా స్వయం సహాయక గ్రూపుల పథకం మిషన్ శక్తి 2001లో మొదలైంది, ఇప్పుడు పోటీకి దిగుతున్న ఆడవాళ్ళలో చాలామంది ఆ గ్రూపుల్లోంచి వస్తున్నవాళ్ళే. రిపోర్టులు దీన్ని బలంగా రాస్తాయి: ‘ఇన్ని గ్రూపులు, ఇంతమంది సభ్యులు, ఓట్లు ఖాయం’. గ్రూపు అధ్యక్షురాలంటే వాయిదా వసూలు చేసే మనిషి కూడా. పాస్‌బుక్ పట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘ఈ నెల నీది రాలేదు’ అని పదిమందిలో అన్న మనిషి. బాకీ పడ్డ ఇంట్లో ఆ కోపం మూడు ఓట్లుగానో నాలుగు ఓట్లుగానో మారుతుంది. ‘ఆడదానికి ఆడదే శత్రువు’ అని రిపోర్టులో ఒక వాక్యం పారేసి ఊరుకుంటారు. ఊరుకోడానికది సామెత కాదు, వాయిదా లెక్క. ఏ గ్రూపులో ఎన్ని బాకీలు ఎవరు అడిగారు అని పట్టిక వేస్తే ఎక్కడెక్కడ ముఖం చాటేస్తారో ముందే తెలుస్తుంది.

ఐదోది పైకి ఎవరూ చెప్పరు. ‘పదవి మీద మోజు ఎక్కువైపోనాది.’ మగ అభ్యర్థి ఊరంతా తిరిగితే కష్టపడుతున్నాడు, ఆవిడ తిరిగితే మోజు. తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడని సామెత ఊరికే రాలేదు. ఓటు అడగాలంటే తిరగాల్సిందే, తిరిగితే సామెత ఎదురొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇది మన ఊళ్ళ రోగం మాత్రమే అనుకోనక్కర్లేదు. అమెరికాలో ఒకిమోటో, బ్రెస్కోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో అచ్చువేసిన ప్రయోగం ఉంది. ఊహించిన ఒక సెనేటరు పరిచయాన్ని కొందరికి మగ పేరుతో, కొందరికి ఆడ పేరుతో చూపించారు. ఆ మనిషికి అధికారం మీద ఆశ ఉందని తెలిస్తే మగ పేరుకి నష్టం రాలేదు, ఆడ పేరు మీద ఏవగింపు వచ్చింది, ఓటూ తగ్గింది. హిల్లరీ క్లింటన్ విషయం అందరికీ తెలిసిందే. 2009 నుంచి 2013 దాకా విదేశాంగ మంత్రిగా పని చేసినన్నాళ్ళు గాలప్ సర్వేల్లో నూటికి అరవై మందికి పైగా మంచి అభిప్రాయం చెప్పారు. 2016లో అధ్యక్ష పదవి అడిగేసరికి సగానికి పైగా మంది ఇష్టం లేదన్నారు. సొంత ఈమెయిల్ సర్వరు గొడవ మధ్యలో వచ్చిన మాట నిజమే, దాన్ని తీసి పక్కన పెట్టలేం. అయినా పని చేస్తున్నప్పుడు నచ్చిన మనిషి, పని అడిగినప్పుడు నచ్చకపోవడం మాత్రం మన వార్డుల్లోనూ కనబడేదే. అన్నట్టు, మొత్తం ఓట్లలో ఆవిడకి 28 లక్షలకు పైగా ఆధిక్యం వచ్చింది, అక్కడి ఎలక్టోరల్ కాలేజీ లెక్కలో ఓడిపోయింది. ఇష్టం లేకపోయినా ఓటేసేవాళ్ళుంటారన్న సంగతి సర్వేవాళ్ళ సూచనల పేజీలో ఎప్పుడూ ఉండదు.

ఇష్టం వేరు, నమ్మకం వేరు అన్న తేడా పశ్చిమ బెంగాల్లో పంచాయతీల మీద జరిగిన పరిశోధనలో బాగా తేలింది. 2009లో వచ్చింది, ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే వగైరా ఆర్థికవేత్తలు చేశారు. ఒకే ప్రసంగాన్ని మగ గొంతుతోనూ ఆడ గొంతుతోనూ రికార్డు చేసి పల్లెల్లో వినిపించారు. మహిళా ప్రధాన్‌ని (అక్కడ పంచాయతీ పెద్దని అలా అంటారు) ఎన్నడూ చూడని ఊళ్ళలో మగవాళ్ళు ఆడ గొంతుకి తక్కువ మార్కులేశారు. రిజర్వేషన్ వల్ల ఒకసారి చూసిన ఊళ్ళలో ఆ తేడా దాదాపు పోయింది. రెండు దఫాలు రిజర్వేషన్ ఉన్నచోట తర్వాత జనరల్ సీట్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్ళు గెలిచారు. అయితే ‘నాయకుడంటే మగవాడే బాగుంటాడు’ అన్న ఇష్టం మాత్రం మారలేదు. అంటే ఇష్టాన్ని మార్చే పని ఎన్నికల ముందు మూడు నెలల్లో అయ్యేది కాదు, నమ్మకం మాత్రం కళ్ళతో చూస్తే మారుతుంది. దీన్నిబట్టి మన సర్వేలో మొదటి గడి ‘ఈ వార్డు ఇంతకుముందు ఎన్నిసార్లు మహిళా రిజర్వేషన్‌లో ఉంది?’ అన్నది కావాలి. దీనికి ఓటర్ని అడగక్కర్లేదు, పాత రిజర్వేషన్ నోటిఫికేషన్లు తిరగేస్తే పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఒక్క కంపెనీ ఫారంలోనూ ఈ గడి కనబడదు. మాకు అన్నిటికన్నా చికాకు కలిగించేది ఇదే.

కొన్ని రిపోర్టుల ముగింపులో ‘ఈ ప్రాంతంలో మహిళలకు ఓటు వేయరు’ అని కూడా ఉంటుంది. ఇది రాసినవాళ్ళు గంజాం జిల్లా చూడలేదన్నమాట. 2019లో అస్కా నుంచి ప్రమీలా బిసోయి 2 లక్షలకు పైగా ఆధిక్యంతో లోక్‌సభకు వెళ్ళారు, మహిళా సంఘంలో పనిచేసిన మనిషి. పార్టీ బలం ఉన్న సీటు కాబట్టి అంతా ఆవిడ గొప్పే అనలేం. కానీ 2024లో పార్టీ మారినా అస్కా మళ్ళీ మహిళనే పంపింది, అనితా శుభదర్శినిని. 2022లో మేయర్లను మొదటిసారి నేరుగా ఎన్నుకున్నప్పుడు బరంపురంలో గెలిచింది సంఘమిత్ర దళేయి. అంటే ఇక్కడి ఓటరు ఆడవాళ్ళకు ఓటేస్తాడు. వేయనిచోట ఎందుకు వేయలేదో ఆ వార్డుకి విడిగా కనుక్కోవాలి.

ఇంత మంచి పరికరం చేతిలో ఉండి కంపెనీలు వాడనివి రెండున్నాయి. అడిగితే చేస్తారు, అదనపు ధర చెబుతారు, ఇవ్వొచ్చు.

ఒకటి, జంట ఫారం. అభ్యర్థి వివరాలు అచ్చంగా ఒకటే, సగం ఫారాల్లో రమణ, సగం ఫారాల్లో రమణమ్మ. ఏ ఇంటికి ఏది వెళ్ళాలో యాప్ చీటీ తీసినట్టు తీయాలి, సర్వేయరు ఎంచుకోకూడదు. రెండు సగాల మధ్య 10 శాతం తేడాని నమ్మకంగా పట్టాలంటే ఒక్కో సగానికి దాదాపు 400 కావాలి, అంటే మొత్తం 800. 400కే ఈ పరీక్ష కలిపి ఇస్తామంటే అది వట్టి అలంకారం.

రెండు, లెక్క పద్ధతి. ‘ఆడమనిషి చైర్మన్ అయితే పని జరగదు’ అని ఎవరూ ముఖాన చెప్పరు. అందుకని సగం మందికి మూడు వాక్యాలు, సగం మందికి అవే మూడుతో పాటు ఈ నాలుగోది ఇచ్చి, ‘ఏవి అని కాదు, ఎన్నింటితో ఒప్పుకుంటారో అంకె చెప్పండి చాలు’ అంటారు. మొదటివాళ్ళ సగటు 1.4, రెండోవాళ్ళది 1.7 వస్తే తేడా 0.3, అంటే నూటికి ముప్ఫైమంది మనసులో ఆ మాట ఉన్నట్టు. చెడేది ఎక్కడంటే, అలవాటు కొద్దీ సర్వేయరు ‘ఏవేవి?’ అని అడిగేస్తాడు, అక్కడితో సరి. మొదటి మూడూ అందరూ ఔననేవే పెట్టినా పాడే: నాలుగు అన్నాడంటే గుట్టు రట్టయినట్టే, అందుకే మూడని ఊరుకుంటాడు. అందరూ కాదనేదొకటి, కొందరే ఔననేదొకటి తప్పక ఉండాలి. దీనికి కూడా 800 ఫారాలకు తక్కువైతే సగటు ఊగుతూనే ఉంటుంది.

ఇక చివరి రెండు పేజీల సూచనలు. సేవ మొత్తంలో నాసిరకం ఇదే. ‘ఫ్లెక్సీలో భర్తగారి ఫొటో పెద్దగా వేయండి’, ‘సభల్లో ఆయన ముందు మాట్లాడాలి’, ‘ఆవిడ నవ్వుతూ ఉండాలి, చేనేత చీర కట్టాలి’, ‘కరపత్రంలో ఆయన నంబరు ఇవ్వండి’. చీర, నవ్వు సంగతి సరే, పోయేదేం లేదు. నవ్వకపోతే పొగరంటారు, నవ్వితే లోకువంటారు, ఇది ఏ సర్వేకీ తేలదు. భర్త ఫొటో, భర్త నంబరు మాత్రం పైన చెప్పిన మొదటి కారణానికి ఎరువు వేయడమే. స్టాంపు ఎవరి దగ్గరుంటుందని అడుగుతున్న ఓటరుకి, ఆయన దగ్గరే అని నాలుగు రంగుల్లో అచ్చువేసి చూపించడం. దానికి బదులు కరపత్రంలో ఆవిడ నంబరు ఒక్కటే ఉండాలి. అది ఆవిడే ఎత్తాలి, సర్వే కంపెనీతోనే వారం పాటు రోజూ రెండు వేళకాని వేళల్లో కాల్ చేయించి ఎవరెత్తారో రాయించాలి. ఈ పని ఫారాలకన్నా చవక, పనికొచ్చేది ఎక్కువ. వీధి సభలో మొదటి ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పే దాకా పక్కవాళ్ళు నోరు మెదపకూడదు. పది సెకన్ల మౌనం వచ్చినా పరవాలేదు.

తెలిసి తెలిసి అలాంటి సూచనలెందుకు రాస్తారంటే, బేరమాడింది, అడ్వాన్సు ఇచ్చింది, రిపోర్టు అందుకునేది భర్తే. లేకపోతే బావగారో మరిదో. మొదటి మీటింగులో ఆవిడ టీ ఇచ్చి లోపలికి వెళ్తుంది. ‘ఓటర్లకు నమ్మకం లేనిది మీ మీదండీ’ అని డబ్బిచ్చే మనిషి ముఖాన చెప్పే కంపెనీ ఉండదు. అందుకే ‘ఆడు మంచోడే, ఆవిడేటి చేస్తాది’ అన్న జవాబులన్నీ ‘అభ్యర్థికి అనుభవం లేదు’ అనే గడిలోకి సర్దుకుంటాయి. కుర్రాళ్ళు తెచ్చిన మాటకీ రిపోర్టులో పడిన మాటకీ ఎక్కడ తేడా వచ్చిందో చూడాలంటే విడి జవాబుల ఎక్సెల్ షీటు, ఆడియో రెండూ కావాలి. రిపోర్టు ఒక్కటే తీసుకుంటే ఏమీ తెలీదు.

ఎవరు కొనాలి? మేయరు, మునిసిపల్ చైర్‌పర్సన్, జిల్లా పరిషత్ స్థాయికి 800 ఫారాలతో, పైన చెప్పిన షరతులతో అయితే కొనొచ్చు. అంత పెద్ద జనం మధ్య ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవడం ఆవిడ వల్ల కాదు. జిల్లా పరిషత్‌కి పార్టీ గుర్తు ఉంటుంది కాబట్టి ‘పార్టీ చూసి వేస్తారా, మనిషిని చూసా’ అని ఒక ప్రశ్న తప్పక కలపాలి. పంచాయతీలో మిగతా మూడు పదవులకీ (వార్డు మెంబరు, సర్పంచ్, సమితి మెంబరు) పార్టీ గుర్తు లేదు కాబట్టి అక్కడ అది అనవసరం. వార్డు మెంబరు, కౌన్సిలరు స్థాయికి ఈ సేవ శుద్ధ దండగ. ఓటర్ల జాబితా చేత్తో పట్టుకుని ఆవిడే రెండు వారాలు తిరిగితే 400 ఫారాలు చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది, పైగా ఆవిడ మాట్లాడగా జనం వింటారు.

మా మార్కులు పదికి: యాప్, రికార్డింగు 8. ఫారం 3. సర్వే కుర్రాళ్ళు 5, ఆడపిల్లలు ఉంటే 7. విశ్లేషణ 4. సూచనలకు 1, అది కూడా చేనేత చీరకి.

అగ్రిమెంటు ఆవిడ పేరు మీదే రాయించండి. మూడో వంతు డబ్బు ఎక్సెల్ షీటు, ఆడియో చేతికొచ్చే దాకా ఆపండి. రిపోర్టు చదివి వినిపించే రోజు గదిలో కంపెనీ మనిషి, ఆవిడ మాత్రమే ఉండాలని ఒక షరతు పెట్టండి. భర్తగారికి ఆ గంటసేపు అరుగు మీద టీ ఇప్పించొచ్చు.